గుమ్మం బయటి పన్నెండో మనిషి

మా అత్తయ్య పాల కేంద్రంలో పాలు పరీక్ష చేసేది. ముప్ఫై మూడేళ్ళు చేసింది. పొద్దున్నే ఐదింటికల్లా క్యాన్లు వరసగా వచ్చి ఆగేవి. ఆవిడ ఒక్కో క్యానులోంచి గరిటెడు పాలు తీసి, గాజు గొట్టంలో పోసి, లాక్టోమీటరు వేసి, అది ఊగడం మానేసి నిలకడగా నిలబడేదాకా చూసి, అప్పుడు అంకె చెప్పేది. చెప్పిన అంకెను వెనక్కి తీసుకోవడం ఎవరూ చూడలేదు. ఒకసారి మా నాన్న, అంటే ఆవిడ సొంత తమ్ముడు, తెచ్చిన క్యానును కూడా పక్కన పెట్టించింది. మా నాన్న ఆ రోజంతా ఇంట్లో కారాలు మిరియాలు నూరాడు. సాయంత్రానికి తేలిందేమిటంటే, క్యాను కడిగిన నీళ్ళు వంపకుండానే అందులో పాలు పోశారట. "అయితే మాత్రం, తమ్ముడినని చూడదా" అని ఆయన బాధ. తమ్ముడని చూసింది కాబట్టే పారబోయించకుండా పక్కన పెట్టించి ఊరుకుంది అని మా అమ్మ అనేది.

అలాంటి మనిషి, పంతొమ్మిదేళ్ళ పాటు, ప్రతి ఆదివారం, చర్చి రిజిస్టరులో లోపల ఉన్నవాళ్ళ కంటే ఒక మనిషిని ఎక్కువ రాసింది. అది పట్టుకున్నది నేనే. పట్టుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే మంట.

మాది బిషప్పు గారి కింద నడిచే చిన్న ఆంగ్లికన్ క్రైస్తవ సంఘం. ఐదు ఊళ్ళకు ఐదు చర్చిలు, ఐదింటికీ కలిపి ఒక్కరే అయ్యగారు. ఆయన ఆదివారం పొద్దున మోటారు సైకిలు మీద బయల్దేరి, ఒక చోట ఆరాధన జరిపి, ఇంకో చోటికి పరిగెత్తి, మూడో చోట ఆశీర్వాదం చెబుతూనే హెల్మెట్టు ఎక్కడ పెట్టానా అని ఓరకంట వెతుక్కుంటారు. కాబట్టి తాళాలు, గంట తాడు, కారే కప్పు, కీర్తన పుస్తకాలు కొరికే ఎలుకలు, ఇవన్నీ ఊళ్ళో వాళ్ళే చూసుకోవాలి. అందుకని ఏడాదికొకసారి సంఘమంతా కూర్చుని ఒక కమిటీని, ఒక వార్డెనును ఎన్నుకుంటుంది. వార్డెను అంటే చర్చికి బాధ్యత వహించే మనిషి. ఏ చిన్న తేడా వచ్చినా బిషప్పు గారి ఆఫీసుకు జవాబు చెప్పుకోవలసింది ఆ మనిషే.

ఎన్నుకుంటుంది అన్నానే గానీ, అత్తయ్య వార్డెను అయిన ఏడాది అయ్యగారు "ఎవరు చేస్తారు?" అని అడిగితే అందరూ నేలచూపులు చూశారట. ఒకాయన బూటు లేసు కట్టుకోవడానికి వంగి, అయ్యగారు మళ్ళీ మాట్లాడేదాకా లేవలేదట. అత్తయ్య కాసేపు చూసి, "సరే, నేను చూస్తాను" అంది. ఇంక అప్పట్నుంచి ప్రతి ఏడూ ఆవిడే. నన్ను కమిటీ కార్యదర్శిని చేసిన పద్ధతి ఇంకా సులువు. ఆ ఏడాది సమావేశానికి నేను వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే వద్దని చెప్పేదాన్ని. స్కూల్లో లెక్కలు చెప్పే దాన్ని కదా, రాతకోతలన్నీ బాగా చేస్తుందిలే అని అందరూ కలిసి నా నెత్తిన పెట్టారు.

వార్డెనుకున్న పనుల్లో అత్తయ్య ఎప్పుడూ ఇంకొకరికి అప్పజెప్పనిది రిజిస్టరు. ప్రతి ఆరాధన తర్వాత అందులో తేదీ, ప్రసంగం చేసినవారి పేరు, ఎంతమంది వచ్చారన్నదీ రాసి, అయ్యగారు, వార్డెను ఇద్దరూ సంతకం పెట్టాలి. అత్తయ్య రెండో కీర్తన పాడుతున్నప్పుడు లెక్కపెట్టేది. ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా అప్పటికి సర్దుకుంటారు కదా. తల తిప్పకుండా, పాట ఆపకుండా, బొటనవేలితో మిగతా వేళ్ళ గీతలు ఒక్కొక్కటే ముట్టుకుంటూ లెక్కపెట్టేది.

ఇక మామయ్య సంగతి చెప్పాలి. మామయ్య వడ్రంగి. మాట తక్కువ, పని ఎక్కువ. కర్రను చూస్తూ మాట్లాడతాడు, మనుషులను చూస్తూ ఊరుకుంటాడు. అత్తయ్య వార్డెను అయిన మొదటి ఏడాదే చర్చి పాత తలుపు అడుగున చివికిపోయి, వాన పడితే నీళ్ళు లోపలి బల్లల దాకా వచ్చేవి. కమిటీ కూర్చుని కొత్త తలుపు చేయిద్దామని ఏకగ్రీవంగా తీర్మానించింది. మామయ్య తన కోసం ఏళ్ళ తరబడి ఆరబెట్టుకున్న మంచి కర్ర తీసి, నాలుగు నెలలు కూర్చుని రెండు రెక్కల తలుపు చేశాడు. బిగించిన రోజు ఒక్క వేలితో తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుందట. అందరూ తలా ఒకసారి తోసి చూశారు. ప్రార్థన ముగియకముందే ఆమెన్ అనేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు, మేం ఆమెన్ తాత అంటాం. ఆయన మూడుసార్లు తోశాడట.

ఒక్క పని మాత్రం ఎవరూ చెయ్యలేదు. చర్చి కట్టడంలో మేకు మార్చాలన్నా ముందుగా బిషప్పు గారి ఆఫీసు నుంచి కాగితం మీద అనుమతి తీసుకోవాలి. ఆ రూలు అందరికీ తెలుసు. కానీ తలుపు చేసేది మనవాడు, వార్డెను మొగుడు, ఇందులో అడగడానికేముంది అని కొందరు, ఎవరో ఒకరు అడిగే ఉంటారులే అని కొందరు, మొత్తానికి అడిగినవాళ్ళు లేరు. బిషప్పు గారి తరఫున ఏటా చర్చిలన్నీ తిరిగి చూసే పెద్దగురువును ఆర్చ్‌డీకన్ అంటారు. ఆ ఏడాది ఆయన వచ్చి, కొత్త తలుపు ముందు నిలబడి, అనుమతి కాగితం చూపించమన్నారు. చివికిన ఆ పాత తలుపు చర్చి కట్టిననాటిదట, ఆఫీసులో ఉన్న జాబితాలో దాని పేరుందట. ముప్ఫై రోజుల్లో దాన్ని బాగుచేయించి మళ్ళీ పెట్టాలని ఉత్తర్వు రాశారు. కింద వార్డెను సంతకం కావాలి.

అత్తయ్య వాదించలేదు. రూలు చదివింది, తప్పు మనదే అంది, సంతకం పెట్టింది. పాల కేంద్రంలో అంకె చెప్పినట్టే.

మామయ్య తన తలుపును తనే ఊడదీశాడు, ఇంకెవరైనా తీస్తే గీతలు పడతాయని. పాత తలుపు అడుగున కొత్త చెక్క అతికి, అదీ తనే బిగించాడు. ఒక్క నూలు తేడా రాకుండా బిగించాడు. పని అయ్యాక పనిముట్లు సంచిలో సర్దుకుంటూ అన్నాడట: "బిగించమన్నారు, బిగించాను. దాన్ని దాటి నన్ను లోపలికి నడవమని మాత్రం ఏ రూల్లోనూ లేదు." ఆ తర్వాత మళ్ళీ ఆ గుమ్మం దాటలేదు.

ఆర్చ్‌డీకన్ గారి మీద ఆయనకు కోపం లేదు, ఆయనెవరో బయటి మనిషి. కోపం ఆ సంతకం మీద. అది నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

ఇంట్లో మాత్రం ఇద్దరూ మామూలుగానే ఉండేవాళ్ళు. ఊడదీసిన తలుపు వాళ్ళింట్లో భోజనాల బల్ల అయింది. నేను ఆ తలుపు మీద ఎన్నిసార్లు భోంచేశానో లెక్కలేదు. గొళ్ళెం కోసం తొలిచిన చిన్న గుంట ఒకటి దాని అంచున ఉంటుంది. అత్తయ్య అందులో ఉప్పు పోసి ఉంచుతుంది, ఇంకెక్కడా పెట్టదు. చూసినవాళ్ళకు నవ్వొస్తుంది, ఆ ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వరు.

విచిత్రం ఏమిటంటే, మామయ్య చర్చికి రావడం ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, అత్తయ్యతోపాటే నడిచి వచ్చేవాడు. ఆ పాత తాళం మొండిది, అత్తయ్య చేతికి లొంగదు. మామయ్యే తాళం తీసి, తలుపు తోసి, తను పక్కకు తప్పుకునేవాడు. తర్వాత గోడవారన ఉన్న రాతి అరుగు మీద గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. లోపల లేచి నిలబడితే ఆయనా లేచేవాడు, లోపల మోకరిస్తే ఆయన తల వంచేవాడు. కీర్తనలు మాత్రం అందరికంటే గట్టిగా పాడేవాడు. కొత్తగా వచ్చిన అయ్యగారు మొదటి ఆదివారం, ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందా అని పాట మధ్యలో కప్పు వైపు చూశారు. తర్వాత సంగతి తెలిసి ఒకటి రెండుసార్లు బయటికి వెళ్ళి బతిమాలారు. గోడకు చెప్పినట్టే అయింది. మెల్లగా అందరికీ అలవాటైపోయింది. అది ఆయన చోటు అనుకున్నారు.

ఇలా పంతొమ్మిదేళ్ళు గడిచాక బిషప్పు గారి ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఐదు చర్చిలకు ఒక్క గురువు సరిపోవడం లేదు. అందువల్ల ఏడాది సగటున ఆదివారానికి పన్నెండుమంది కంటే తక్కువ వచ్చే చర్చిలో ఇకమీదట నెలకొక్కసారే ఆరాధన. కమిటీ, వార్డెను విడిగా ఉండవు, పక్క ఊరి కమిటీలో కలిసిపోతాయి. లెక్కలు రాసి పంపండి, తర్వాత ఒక ఆదివారం ఆర్చ్‌డీకన్ గారు స్వయంగా వచ్చి చూస్తారు. అత్తయ్య ఆ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచింది. అప్పటికి ఆవిడ పాల కేంద్రం నుంచి రిటైరయి రెండేళ్ళు. పొద్దున్నే లేవడం అలవాటు, వెళ్ళడానికి చోటు లేదు. చిన్నప్పట్నుంచీ ఒక్క ఆదివారం తప్పలేదు, ఆదివారం లేని వారం నాకెందుకే అంది. ఆవిడ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

నేను ఆ సాయంత్రమే రిజిస్టరు ముందేసుకుని కూర్చుని ఏడాది మొత్తం కూడాను. సగటు పన్నెండు, పాయింటు తర్వాత సున్నా, దాని పక్కన మూడు. గట్టెక్కాం అనుకున్నాను. ఇంటికి నడుస్తూ, ఆ పన్నెండుమందీ ఎవరెవరా అని ఊరికే వేళ్ళ మీద చెప్పుకున్నాను. అమ్మ, నాన్న, అత్తయ్య, నేను, ఆమెన్ తాత, పోస్టాఫీసు అక్కచెల్లెళ్ళు... పదకొండు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. ఎన్నిసార్లు చెప్పుకున్నా పదకొండే. అట్నుంచి అటే అత్తయ్య వాళ్ళింటికి వెళ్ళాను.

ఆవిడ బల్ల దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. మామయ్య ఇంకా షెడ్డు నుంచి రాలేదు.

"అత్తయ్యా, మనం పన్నెండుమంది కాదు. పదకొండుమందిమే."

"మీ మామయ్యని మర్చిపోయావు," అంది తలెత్తకుండా.

"మామయ్య బయట కూర్చుంటాడు కదా."

"వానొచ్చినా కూర్చుంటారు," అంది.

ఇంక నేను ఆగలేదు. ఆర్చ్‌డీకన్ గారు బయట కూర్చున్నవాళ్ళను లెక్కలోకి తీసుకోరని, ఇది బయటపడితే చర్చితోపాటు ఆవిడ పరువు కూడా పోతుందని, ముప్ఫై మూడేళ్ళు అందరి పాలూ కొలిచిన మనిషివి ఇలా ఎలా రాశావని గట్టిగానే అడిగాను. పోనీ ఆ ఒక్క ఆదివారానికీ మా చిన్నాన్న కూతుర్ని పట్నం నుంచి రమ్మంటాను, పన్నెండు సరిపోతుంది అని కూడా అన్నాను. అత్తయ్య చిక్కుళ్ళు పక్కన పెట్టి నా వైపు చూసింది.

"నీళ్ళు కలిపి తెచ్చేవాళ్ళు కూడా ఒక్క చెంబేగా అనేవాళ్ళు," అంది. "నేను నీళ్ళు కలపలేదమ్మా. ఉన్న మనిషినే రాశాను."

ఇంక ఆ విషయం మాట్లాడనివ్వలేదు. తిని వెళ్ళమంది. నేను తినకుండా వచ్చేశాను, కోపంతో. మర్నాడు స్కూలు నుంచి వస్తూ, ఆవిడకు చెప్పకుండా, మామయ్య షెడ్డుకు వెళ్ళాను.

మామయ్య ఎవరిదో కిటికీ చట్రం చిత్రిక పడుతున్నాడు. నేను గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఉత్తరం సంగతి, పన్నెండు సంగతి, ఆర్చ్‌డీకన్ గారు వచ్చే ఆదివారం ఒక్కసారి ఆయన లోపలికి వచ్చి ఆఖరి బల్ల మీద కూర్చుంటే చాలన్న సంగతి. ఆయన చెయ్యి ఆగలేదు. చెక్క పొరలు చుట్టలు చుట్టుకుని కింద పడుతూనే ఉన్నాయి. అత్తయ్య నిన్ను ప్రతి వారం లెక్కలో రాస్తోంది మామయ్యా అన్నప్పుడు మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

మొదటి ఆదివారం నుంచి, అన్నాను. అది నేను అంతకు ముందే చూసి వచ్చాను. పాత తలుపు మళ్ళీ పెట్టిన వారం రిజిస్టరులో నలభై ఒకటి అని ఉంది. అంతకుముందు వారమూ నలభై ఒకటే.

మామయ్య చిత్రికను పక్కన పెట్టి, చట్రం మీద అరచేత్తో అటూ ఇటూ రాశాడు. అప్పటికే నున్నగా ఉన్న చోట కూడా రాశాడు. చివరికి, సరే నువ్వెళ్ళు, అన్నాడు. ఆయన సరే అన్నాడంటే అంతే. నేను ఇంటికి పరిగెత్తినంత పనిచేశాను.

ఆ ఆదివారం ఆర్చ్‌డీకన్ గారు ముందుగానే వచ్చారు. తలుపు రోజుల నాటి ఆయన కాదు. మోకాలు నొప్పితో కాస్త కుంటుతూ నడిచే పెద్దాయన, మెత్తని మనిషి. అత్తయ్య వార్డెను కాబట్టి గుమ్మంలో నిలబడి ఆయన్ను ఆహ్వానించింది. అందరూ లోపలికి వచ్చి కూర్చున్నారు. నేను కాలుగాలిన పిల్లిలా తలుపు దగ్గరే తిరుగుతున్నాను. మామయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గంట మోగడం అయ్యాక లేచాడు. చొక్కా కిందికి లాగి సర్దుకున్నాడు. మెల్లగా నడుచుకుంటూ వచ్చి గుమ్మం ముందు, గడపకు ఒక్క అడుగు ఇవతల, నిలబడ్డాడు. లోపల అందరూ చూస్తున్నారు. ఆమెన్ తాత సగం లేచాడు.

అత్తయ్య ఆయన్ను చూసింది, తర్వాత నన్ను చూసింది. నా మొహం చూడగానే ఆవిడకు అంతా తెలిసిపోయింది. చెయ్యి చాపి తలుపు రెక్క మీద పెట్టింది, దారికి అడ్డంగా.

"వద్దండీ," అంది. "మీరు లోపలికి రావాలని పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ నేనడగలేదు. ఇవాళ లెక్క కోసం వస్తే, ఇన్నాళ్ళూ నేను రాసింది అబద్ధమైపోతుంది. మీరు ఇక్కడే ఉన్నారు. ప్రతి వారం ఉన్నారు."

పెద్దగా ఏం అనలేదు. కానీ చర్చి చిన్నది, అందరికీ వినపడింది. మామయ్య ఆవిడ చేతిని చూశాడు, ఆవిడను చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు రెండో కీర్తనలో ఆయన గొంతు రాలేదు. మూడోదాంట్లో వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. కోపం వల్ల అనుకున్నాను. ఆ పూట ఆవిడ మీద నాకు ఒళ్ళు మండిపోయిన మాట నిజమే, కానీ ఏడుపు దానికి కాదు.

ఆరాధన అయ్యాక పక్కనున్న చిన్న గదిలో రిజిస్టరు తెరిచారు. ఆర్చ్‌డీకన్ గారు అడగకముందే అత్తయ్య అంతా చెప్పేసింది. తలుపు, ఉత్తర్వు, సంతకం, అరుగు, పంతొమ్మిదేళ్ళు. దాపరికం లేదు, బతిమాలడమూ లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆరాధనలో లోపల కూర్చున్నవాళ్ళనే లెక్కలోకి తీసుకోవాలని ఉందమ్మా, నేను మార్చలేను, అన్నారు. తెలుసండీ అంది అత్తయ్య. కలం తీసుకుని ఆ రోజు గడిలో, లోపల పదకొండు, బయట ఒకరు, అని రాసి సంతకం పెట్టింది. ఆయన దాన్ని కాసేపు చూసి, కింద తనూ సంతకం పెట్టారు. కొట్టేయమనలేదు.

వెళ్ళబోతూ ఆయన కుంటుకుంటూ అరుగు దగ్గరికి వెళ్ళారు. నేను ఆయన సంచి పట్టుకుని వెనకే ఉన్నాను.

"అప్పుడు జరిగింది రూలు ప్రకారం సరైనదేనండీ," అన్నారు మామయ్యతో. "కానీ మాలో ఎవరో ఒకరు మీ దగ్గరికి వచ్చి, మీ పని బాగుందని చెప్పి ఉండాల్సింది."

మామయ్య లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. మీరు చెప్పారుగా, అన్నాడు.

రెండు నెలలకు నిర్ణయం వచ్చింది. అందరూ అనుకున్నదే. వచ్చే నెల నుంచి మొదటి ఆదివారం మాత్రమే ఆరాధన. మా కమిటీ పక్క ఊరి కమిటీలో కలిసింది. అత్తయ్య వార్డెను పని ముగిసింది. తాళంచెవి మాత్రం ఆవిడ దగ్గరే ఉంచమన్నారు, ఎవరో ఒకరు తలుపులు తీసి గాలి తగలనివ్వాలి కదా. ఊళ్ళో కొందరు, ఆ రోజు ఆవిడ చెయ్యి అడ్డం పెట్టకపోయి ఉంటే ఇదంతా వచ్చేది కాదని మొహం మీదే అన్నారు. అందులో మా నాన్న కూడా ఉన్నాడు. అత్తయ్య ఎవరికీ ఎదురు చెప్పలేదు. నిజమే, అనేది. ఆ నిజమే అన్న మాట విన్నాక మా నాన్న ఇంటికి వచ్చి అన్నం మీద చేయి పెట్టి కూర్చుండిపోయాడు.

మొదటి ఆదివారం అయ్యగారు వచ్చారు, అంతా ఎప్పటిలాగే జరిగింది. రెండో ఆదివారం ఆరాధన లేదు. పాత కమిటీ మినిట్సు పుస్తకాలు పక్క ఊరికి అప్పజెప్పాలని నేను ఆ పొద్దున చర్చికి వెళ్ళాను. దారిలో చూస్తే ముందు వాళ్ళిద్దరూ నడుస్తున్నారు. మామయ్య ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. గాలి తగలనివ్వడానికి వెళ్తున్నామే అంది అత్తయ్య, నేనేదో అడిగినట్టు.

మామయ్య తాళం తీసి, తలుపు తోసి, పక్కకు తప్పుకున్నాడు. అత్తయ్య కిటికీలు తెరిచి, గుడ్డ తీసుకుని బల్లలు తుడవడం మొదలుపెట్టింది. నేను చిన్న గదిలో బీరువా ముందు నేల మీద కూర్చుని పుస్తకాలు ఏరుతున్నాను. ఆరాధన మొదలయ్యే వేళ అయింది. గంట మోగలేదు, ఎవరూ పాడలేదు. బల్ల మీద గుడ్డ కదులుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

కాసేపటికి గుమ్మంలో వెలుతురు తగ్గింది. మామయ్య వచ్చి నిలబడ్డాడు. అత్తయ్య చూసి కూడా తుడవడం ఆపలేదు.

"ఇవాళ రిజిస్టరు రాస్తావా?" అన్నాడు.

"లేదండీ. ఆరాధన లేదుగా."

మామయ్య గడప దాటాడు. ఎవరో నిద్రపోతున్న ఇంట్లోకి వచ్చినట్టు వచ్చాడు. నాలుగు అడుగులు వేసి, మధ్య దారిలో నిలబడి, అటు బల్లలూ ఇటు బల్లలూ చూశాడు. ఎటు వెళ్ళాలో ఆయనకు తెలియలేదు.

"నువ్వు ఎక్కడ కూర్చుంటావు?" అన్నాడు.

నేను పుస్తకం మూశాను. పెళ్ళయి నలభై ఏళ్ళు. తలుపు గొడవకు ముందు ఇద్దరూ కుడివైపు బల్ల మీద కూర్చునేవాళ్ళట. పంతొమ్మిదేళ్ళుగా వారం వారం తను తోడుండి తీసుకొచ్చిన మనిషి ఇప్పుడు ఏ బల్ల మీద కూర్చుంటుందో ఆయనకు తెలియదు.

అత్తయ్య గుడ్డ పట్టుకున్న చేత్తోనే చూపించింది. ఎడమవైపు మూడో బల్ల, కిటికీ పక్కన. వెలుతురు బాగుంటుందని అక్కడ కూర్చుంటుందని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. మామయ్య వెళ్ళి సరిగ్గా ఆ చివరి చోటే కూర్చున్నాడు. కూర్చుని, తెరిచి ఉన్న కిటికీలోంచి కిందికి చూశాడు. ఆ కిటికీ కిందే ఆయన రాతి అరుగు. అక్కడినుంచి చూస్తే అరుగు మీద కూర్చున్న మనిషి తల, భుజాలు కనిపిస్తాయి. ఇప్పుడు అరుగు ఖాళీగా ఉంది. ఆయన చాలాసేపు అలా చూస్తూనే ఉన్నాడు. చెయ్యి ఎత్తి ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు.

అత్తయ్య గుడ్డ మడిచి బల్ల చివర పెట్టి, ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది.

"కాస్త జరగండి," అంది.

మామయ్య జరిగాడు.